ఉచార్ రక్తంలో జాడ

పదకొండో భాగం

కిందటి వారం మనం బెగిమాయ్‌ని కనుమ మీద, మంచుపొగలో, గుర్రం కళ్లెం పట్టుకుని నిలబడివుండగా వదిలిపెట్టాం. ఆమె పశువుల డాక్టరు. అర్చాలీ లోయలో ఎన్ని కుక్కలకు పేగుల వైరస్ ఎప్పుడైనా సోకిందో కనిపెట్టడం ఆమెకు అప్పగించిన పని. చలికాలం చివర్లో నలభై మూడు కుక్కల రక్తం తీసి రాజధాని బిష్కెక్‌లో పరీక్షకు పంపింది. జవాబు వచ్చింది. ఆ కాగితాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని, టీకామందు పెట్టెను జీనుకు కట్టుకుని, జూన్ మొదటివారంలో మళ్లీ కొండెక్కింది. అందులో ఏముందో ఆమెకొక్కదానికే తెలుసు. ముందుగా ఎవరికి చెప్పాలో కూడా తెలుసు. ముసలి వేటగాడు ఒస్మోనలీకి.

ఎనిమిదేళ్ల కింద ఒస్మోనలీ వేటకుక్క ఉచార్ కన్న తొమ్మిది పిల్లలూ మూడు రోజుల్లో చచ్చిపోయాయి. చెల్లెలి మొగుడు కచ్‌కిన్ మాంసంలో విషం పెట్టాడని ముసలాయన నమ్మాడు. ఆ రోజుతో అన్నాచెల్లెళ్ల మధ్య మాట తెగిపోయింది. ఇప్పుడు ఎండాకాలపు మేతకు వచ్చి ఏటికి ఈ ఒడ్డున ఆయన, ఆ ఒడ్డున వాళ్లు గుడారాలు వేసుకుంటారు. నీళ్లు మాత్రం ఇద్దరూ ఒకే ఏట్లో ముంచుకుంటారు.

బెగిమాయ్ దిగుతున్నకొద్దీ మంచుపొగ పైకి లేస్తోంది. ముందు గుర్రాల సకిలింపు వినిపించింది, తర్వాత గుర్రాలు కనిపించాయి. ముందు పొగ వాసన తగిలింది, తర్వాత గుడారం కప్పులోంచి లేస్తున్న పొగ కనపడింది. గడ్డి నిండా పసుపుపచ్చని పూలు తడిసి ముడుచుకుని ఉన్నాయి. రెండు రోజుల ప్రయాణంలో ఆమె సరిగ్గా నిద్రపోలేదు. నేల గట్టిగా ఉన్నట్టే లేదు. తాను గుర్రం మీద కూర్చుని ఉందో, ఎవరో చెబుతున్న కథలో కూర్చుని ఉందో తెలియనంత మెత్తగా ఉంది ఆ పొద్దు.

గుడారం ముందు ఉన్ని పరుపు మీద ఒస్మోనలీ కూర్చుని ఉన్నాడు. తెల్ల ఉన్ని టోపీ, కింద చిట్లించిన కళ్లు. ఆయన తొడ మీద మూతి ఆనించి ఉచార్ పడుకుని ఉంది. దానికి పదకొండేళ్లు. ఒక కన్ను పాలరంగుకు తిరిగిపోయింది. సన్నటి పొడవాటి కాళ్లు నిద్రలో కదులుతున్నాయి. ఏ కొండమీదో ఏ నక్కనో తరుముతోంది కాబోలు.

"వచ్చిందమ్మా రక్తం పీల్చే డాక్టరమ్మ!" అన్నాడు ముసలాయన. "మిగిలినది కూడా పిండుకుపోదామనా? దీంట్లో ఇంక ఏముంది, ఎముకలూ పొగరూ తప్ప."

"ఈసారి పిండను తాతా. ఈసారి ఇచ్చిపోదామని వచ్చాను."

"దిగు ముందు. పట్నం నీళ్లపాలు తాగి తాగి గాలికి కొట్టుకుపోయేట్టున్నావు." చెక్కగిన్నెలో పులిసిన గుర్రపుపాలు పోసి ఇచ్చాడు. "మీ నాన్న సాదిర్ అయితే మూడు గిన్నెలు తాగాకగానీ నోరు విప్పేవాడు కాదు. మంచి డాక్టరు. ఆయన కూతురివి గనకే నా కుక్కను ముట్టుకోనిచ్చాను."

ఆమె గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగింది. పుల్లగా, చల్లగా, పొగవాసనతో గొంతులోకి దిగింది. నాన్న పోయి మూడేళ్లయింది. ఈ కొండల్లో ఏ గుడారానికి పోయినా నాన్న పేరే ముందు లోపలికి వెళ్తుంది, తాను వెనక వెళ్తుంది.

"ఊఁ, చెప్పు" అన్నాడు ఒస్మోనలీ. "ఏమంటోంది నీ కాగితం? మా ఉచార్ రక్తం ఎర్రగానే ఉందటా?"

"తాతా, ఉచార్‌కి ఒకప్పుడు ఆ పేగుల జబ్బు సోకింది."

కుక్క చెవి నిమురుతున్న చెయ్యి ఆగింది.

"దీనికా? ఒక్కరోజు తిండి మానింది లేదు."

"పెద్ద కుక్కలు తట్టుకుంటాయి. ఒకపూట నీరసంగా పడుకుని లేచి తిరుగుతాయి, మనకు తెలియను కూడా తెలియదు. కానీ దాంతో ఒకసారి తలపడిన కుక్క రక్తంలో ఆ జాడ ఏళ్ల తరబడి ఉంటుంది. టీకా వేసిన కుక్కల్లోనూ ఉంటుందనుకోండి. ఈ లోయలో ఏ కుక్కకూ ఎప్పుడూ టీకా వేయలేదు కదా. తట్టుకోలేనివి పిల్లలు. నెల, రెండు నెలల పిల్లలు."

ముసలాయన చెయ్యి పైకెత్తాడు.

"ఆగు" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు ఎటు పోతున్నావో నాకు తెలుస్తోంది. ఆ ఏరుదాకా పోకు."

"పోవాలనే వచ్చాను."

"ఎవడు పంపాడు నిన్ను? వాడా? ఆ జీనులు కుట్టే కుంటివాడా? ఎనిమిదేళ్లు ఆలోచించి ఆలోచించి, ఆఖరికి ఒక డాక్టరమ్మను పట్టుకొచ్చాడా?"

"కచ్‌కిన్ మామకు నేనొచ్చినట్టు కూడా తెలియదు తాతా."

"సరే. నేను వేటగాణ్ని, చదువు లేదు. ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. ఆ జబ్బు ఇదిగో ఈ సంవత్సరం, ఈ నెల సోకిందని రక్తం చెబుతుందా?"

"చెప్పదు."

"మరింకేం!" ముసలాయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు ఉచార్ ఉలిక్కిపడి తల ఎత్తి, మళ్లీ వాల్చింది. "నిరుడు సోకిందేమో. ముందటేడు సోకిందేమో. లే, గిన్నె ఖాళీ చెయ్యి."

"ఒక్క కుక్క చెప్పదు తాతా" అంది బెగిమాయ్. "నలభై మూడు కుక్కలూ కలిసి చెబుతాయి."

ఆమె కాగితం తీసి పరుపు మీద పరిచింది. ఆయనకు చదవడం రాదని తెలిసినా పరిచింది. వేలితో చూపిస్తూ, తొందరపడకుండా, ఒక్కొక్క కుక్క పేరూ చెప్పింది. ఆ పేర్లన్నీ ఆయనకు మనుషుల పేర్లకన్నా బాగా తెలుసు. ఎనిమిదేళ్లు నిండిన కుక్కలు లోయలో పదకొండు ఉన్నాయి. పదకొండింటిలోనూ జాడ ఉంది. గొర్రెల కాపలా కుక్కల్లో ఉంది, వేటకుక్కల్లో ఉంది, ఏటి అవతల కచ్‌కిన్ గుడారం ముందు గొలుసుకు కట్టిన నల్లదానిలో ఉంది. తర్వాత పుట్టినవి ముప్పై రెండు. వాటిలో ఒక్కదానిలోనూ లేదు. ఏడేళ్లదానిలో లేదు, మూడేళ్లదానిలో లేదు, నిరుడు పుట్టినదానిలో లేదు.

ఒస్మోనలీ తల ఎత్తాడు. కాగితం వైపు కాకుండా ఎదుటి కొండవాలు వైపు చూస్తున్నాడు. అక్కడ నీడపట్టున ఇంకా కరగని మంచు మాసిన గుడ్డలా పరిచి ఉంది.

"పాత మంచు మీద అడుగులున్నాయి" అన్నాడు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "దానిమీద పడిన కొత్త మంచు మీద లేవు."

"అంతే తాతా."

"అంటే ఆ జంతువు రెండు మంచుల మధ్య నడిచింది. ఒక్కసారే. మళ్లీ రాలేదు."

"అంతే."

ఆమె ఎన్నో రోజులుగా ఎలా చెప్పాలా అని తిప్పలుపడిన మాట. దాన్ని ఆయనే తన సొంత మాటల్లో ముందు పెట్టాడు. బెగిమాయ్‌కి సంతోషం కలగవలసింది. కానీ ఆయన మొహం చూస్తే భయమేసింది.

"అయినా నేను అబద్ధం చెప్పను" అంది. "ఆ రోజు విషం ఎవరూ పెట్టలేదని రక్తం ప్రమాణం చెయ్యదు. మీరు చెప్పండి. పిల్లలు ఎలా పోయాయి?"

"ఎలా పోతాయి? పోయాయి."

"అన్నీ ఒకేసారా?"

ముసలాయన ఏటివైపు తల తిప్పాడు. అది రాళ్లమీద ఆగకుండా ఏదో చెప్పుకుపోతోంది.

"కాదు" అన్నాడు. "మొదటిరోజు ఒకటి పాలు మానింది. నురగ కక్కింది. సాయంత్రానికి రక్తం పోవడం మొదలైంది. ఆ వాసన... నా ఇల్లాలు బాతీమా తలుపు తీసి బయటికి పోయి ఏడ్చింది, ఆ వాసనకు. రెండోరోజు నాలుగు. మూడోరోజు మిగిలినవి. ఆఖరిది, తెల్ల మచ్చది, నా చొక్కాలో పెట్టుకున్నాను. వెచ్చగా ఉంటే బతుకుతుందేమోనని. దాని గుండె నా గుండె మీద కొట్టుకుంటూనే ఉంది. ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు."

"విషం అలా వంతులవారీగా చంపదు తాతా. ఒకే మాంసం తింటే అన్నీ ఒక్కపూటలో పోతాయి. పైగా ఆ మాంసం తిన్నది ఎవరు? పిల్లలా?"

"ఉచార్" అన్నాడాయన. ఆ పేరు గొంతులోంచి ఊడిపడినట్టు వచ్చింది. "ఉచార్ తిన్నది. వాడు గొర్రెను కోసి, పాలిచ్చే కుక్క కదా అని ఊపిరితిత్తులు ఊళ్లో మా రెండిళ్ల మధ్య గోడమీంచి విసిరాడు. అంతకుముందు రోజే పిల్లనొకదాన్ని ఇమ్మని అడిగాడు, నేను ఇవ్వనన్నాను. మాటామాటా అనుకున్నాం. అందుకని... మొత్తం ఉచారే తిన్నది. దానికేం కాలేదు."

ఎనిమిదేళ్లుగా ఆ మాట ఆయన కళ్లముందే, ఆయన తొడమీదే తల పెట్టుకుని పడుకుని ఉంది. కోపం అనేది మనిషి కళ్లకు ఎంత మందపు పొర కడుతుందో బెగిమాయ్ అప్పుడు చూసింది.

ముసలాయన కుక్క తలను మెల్లగా పరుపు మీదికి దించాడు. లేచాడు. టోపీ సర్దుకున్నాడు. ఏటివైపు నడిచాడు. మంచుపొగ చివరి తెరలు నీళ్లమీద జారుతున్నాయి. అవతలి ఒడ్డున నీలి కండువా కట్టుకున్న ఒకావిడ గుర్రం పక్కన వంగి పాలు పితుకుతోంది.

"ఊల్‌కాన్!"

ఆమె తల ఎత్తలేదు. విన్న పేరు తనది కాదనుకుంది కాబోలు.

"ఊల్‌కాన్! చెల్లీ!"

పాలకుండ పక్కకు ఒరిగింది. తెల్లటి పాలు పచ్చగడ్డిలోకి పారిపోతుంటే ఆమె చూస్తూ నిలబడిందేగానీ కుండను నిలబెట్టలేదు. ఈలోగా ఒస్మోనలీ బూట్లతోనే ఏట్లో దిగాడు. బెగిమాయ్ వెనకే దిగింది. నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. అయినా ఆమెకు ఆ చలి ఎవరికో వేస్తున్నట్టు, తనకు కాదన్నట్టు అనిపించింది.

గుడారంలోంచి కచ్‌కిన్ కుంటుకుంటూ బయటికొచ్చాడు. చేతిలో తోలు కుట్టే సూది అలాగే ఉంది. ఇద్దరు ముసలివాళ్లూ నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు.

"కచ్‌కిన్" అన్నాడు ఒస్మోనలీ. "ఆ రోజు గోడమీంచి వేసిన ఊపిరితిత్తుల్లో ఏం కలిపావు?"

"ఉప్పు కూడా కలపలేదు బావా."

"ఆ సంగతి నాకు ఇప్పుడు తెలిసింది."

కచ్‌కిన్ సూదిని చొక్కా అంచుకు జాగ్రత్తగా గుచ్చుకున్నాడు.

"ఎనిమిదేళ్లు పట్టిందా బావా ఈ ఏరు దాటడానికి? మోకాలి లోతు కూడా లేదే!"

"నీకేం, కుంటికాలు, దాటలేనని సాకుంది. నాకు అదీ లేదు" అన్నాడు ఒస్మోనలీ. తల వంచాడు. తెల్లటోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ కొండల్లో పెద్దమనిషి ఇంకొకడి ముందు టోపీ తీయడమంటే చిన్న విషయం కాదు. కచ్‌కిన్ గబగబా ముందుకొచ్చి, ఆ టోపీ లాక్కుని మళ్లీ ఆయన తలమీద తానే పెట్టాడు.

"పెట్టుకో. జలుబు చేస్తే మళ్లీ నేనే చేశానంటావు."

ముగ్గురూ నవ్వారు. నాలుగో మనిషి నవ్వలేదు. ఊల్‌కాన్ దగ్గరికొచ్చి అన్న తడి బూట్లు చూసింది. ఆయన్ను గుడారంలోకి తీసుకుపోయి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, వంగి ఆ బూట్లు లాగింది. పొడి మేజోళ్లు తొడిగింది. అప్పుడు తల ఎత్తకుండానే అన్నది.

"వదిన పోయిననాడు నన్ను దాటనివ్వలేదు నువ్వు. నేను ఈ ఒడ్డున నిలబడి ఏడుపుపాట పాడుకున్నాను. ఆమెకు వినపడిందో లేదో. కాగితాలు ఎన్ని వచ్చినా అది నేను మరచిపోను అన్నా."

"మరచిపోవద్దు" అన్నాడు ఒస్మోనలీ. "వినపడింది. మేమంతా విన్నాం. గుడారంలో ఎవరూ దీపం కూడా కదిలించలేదు, నీ పాట అయ్యేదాకా."

ఆమె అప్పుడు ఏడ్చింది. బెగిమాయ్ మొహం తిప్పుకుని తలుపు బయటికి చూసింది. ఎండ వచ్చింది. ముడుచుకున్న పూలు విచ్చుకుంటున్నాయి. ఉచార్ కూడా ఎప్పుడు లేచి ఏరు దాటిందో, గుమ్మం దగ్గర తడి ఒళ్లు విదిలించుకుని, కచ్‌కిన్ నల్లకుక్కను వాసన చూసి, దాని పక్కనే చుట్టచుట్టుకుని పడుకుంది.

ఊల్‌కాన్ పాలు పోసిన ఉప్పు టీ కాచింది. నూనెలో వేయించిన పిండిముక్కలు బట్ట మీద గుమ్మరించింది. మీగడ పెట్టింది. కచ్‌కిన్ గుటకలు వేస్తూ, ఎనిమిదేళ్లలో దాచుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటే బావకు అప్పజెప్పసాగాడు. ఒస్మోనలీ ఒక్కొక్కదానికీ తల ఊపుతూ పుచ్చుకుంటున్నాడు. వాళ్ల మాటలు దూరంగా, నీళ్లకింద నుంచి వస్తున్నట్టు వినిపిస్తున్నాయి బెగిమాయ్‌కి. పొయ్యి వెచ్చదనానికి కళ్లు మూతలు పడుతున్నాయి. టీకాల సంగతి ఎత్తింది. జాడ లేని ముప్పై రెండు కుక్కలూ ఆ జబ్బు ముందు ఒట్టి ఒంటితో నిలబడి ఉన్నట్టేనని చెప్పింది. రేపు పొద్దున్నే వేద్దువుగానీ, నేనే పట్టుకుంటాను అన్నాడు ఒస్మోనలీ. చేయవలసిన పని అయిపోయింది. ఇక నిద్రపోవచ్చు అనుకుంది.

"ఒకటి మిగిలిపోయింది డాక్టరమ్మా" అన్నాడు ముసలాయన హఠాత్తుగా. "జంతువు రెండు మంచుల మధ్య నడిచిందన్నాం. బాగుంది. అది ఎటునుంచి వచ్చింది?"

"ఎలాగైనా రావచ్చు తాతా. ఇంకో కుక్కతో. బూట్లకు అంటిన మట్టితో. బండి చక్రాలతో."

"ఆ వసంతంలో కనుమ మూసుకునే ఉంది. ఏప్రిల్ ఆఖరుదాకా పురుగు కూడా రాలేదు పైకి. కనుమ తెరిచాక వచ్చింది ఒకే ఒక్క బండి. మీ నాన్నది. గొర్రెలకు మందు వెయ్యడానికి."

నిద్ర ఎటుపోయిందో తెలియలేదు.

"అవునన్నా" అంది ఊల్‌కాన్, టీ పోస్తూ. "బూడిదరంగు బండి. మా ఇంటి ముందే ఆగింది. డాక్టరుగారు గొర్రెల దొడ్లోకి పోయారు. బండిలో ఒక పిల్ల ఉండిపోయింది. కళ్లు తప్ప మొహమంతా కండువా చుట్టుకుని, కోటులోపల చిన్న కుక్కపిల్లను దాచుకుని. పసుపుపచ్చగా, గుప్పెడంత ఉందది. పాపం కడుపులో బాగాలేదు దానికి, కోటంతా పాడుచేసింది. ఆ పిల్ల ఏడుస్తుంటే నేనే తీసుకుని, నా నడుముకు కట్టుకున్న ముందుబట్టతో తుడిచి, కాసిని పాలు పట్టాను. పట్టి, సాయంత్రం ఉచార్‌కి జావ తీసుకుని మీ ఇంటికి..."

టీ పోస్తున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"మీ ఇంటికి వచ్చాను" అంది ఊల్‌కాన్, ఇంకెవరి గొంతుతోనో. "తొమ్మిది పిల్లలూ వచ్చి నా ముందుబట్ట పట్టుకుని ఎక్కాయి."

ఒస్మోనలీ ఇంకా పొయ్యిలోకే చూస్తున్నాడు. "ఊఁ? తర్వాత?" అన్నాడు. ఆయనకు ఇంకా తట్టలేదు.

బెగిమాయ్‌కి తట్టింది. అప్పుడామెకు ఇరవై ఒకటి. సెలవులకు వచ్చి, నాన్న వెంట ఆ వసంతమంతా ఏ లోయో ఏ ఊరో అడగకుండా తిరిగింది. సంతలో తెచ్చుకున్న పసుపు కుక్కపిల్ల. దిగేటప్పుడు దారిలోనే పోయింది. కుదుపులకు పోయిందమ్మా అన్నాడు నాన్న. అని, దారిపక్కన బండి ఆపి, ఘాటు వాసన మందుతో మోచేతులదాకా కడుక్కున్నాడు. అది పడుకున్న కంబళికి నిప్పు పెట్టాడు. మంట ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. కుదుపులకు పోయిన కుక్కపిల్ల కంబళిని ఎవరైనా కాలుస్తారా? ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఒక్కసారైనా ఎందుకు రాలేదు తనకు?

ఊల్‌కాన్ మొహం పాలిపోయింది. ఈ పొద్దే దొరికిన అన్న ముందు పెదవులు కదిలిస్తోంది. ఆమె ఏం చెప్పబోతోందో బెగిమాయ్‌కి తెలుసు. చెబితే ఏమవుతుందో మాత్రం తెలియదు.

"తాతా" అంది బెగిమాయ్, ఆమెకంటే ముందుగా. "ఆ బండిలో ఉన్నది నేనే. ఆ కుక్కపిల్ల నాది."

ఒస్మోనలీ నెమ్మదిగా తల తిప్పాడు. ఆ కళ్లలో కోపం లేదు. కోపమే ఉండివుంటే ఆమెకు తేలికగా ఉండేది. పదేళ్ల స్నేహితుడి పేరును ఆయన లోలోపల అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టుంది.

"నా తొమ్మిది పిల్లలూ పోయిన నెలకు మీ నాన్న మళ్లీ ఈ లోయకొచ్చాడు" అన్నాడు. "నా పక్కన కూర్చుని మూడు గిన్నెలు తాగాడు. కచ్‌కిన్ విషం పెట్టాడని నేను చెబుతుంటే చివరిదాకా విన్నాడు. ఒక్క మాట అనలేదు."

ఆయన గొంతు బాగా తగ్గిపోయింది.

"చెప్పు బిడ్డా. సాదిర్‌కి తెలుసా?"